గొంతు మారే ఏడు

షేక్ సైదాను నరసరావుపేటలో పెద్దవాళ్ళు హార్మోనియం సాహెబు అనేవారు. శిక్షణాలయం పిల్లలు మాత్రం మాస్టారూ అని పిలిచేవారు. ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం. తానేనాడూ బడిమెట్టు ఎక్కినవాడు కాదు మరి.

ఆయన తండ్రి గురజాల చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ఇత్తడి గిన్నెలకు తగరపు కళాయి పోసేవాడు. కొలిమి తిత్తి లాగడం సైదాకు ఆరేళ్ళకే వచ్చింది. పదేళ్ళప్పుడు, గురజాలలో దిగిన ఒక నాటక సమాజం వాళ్ళ వంట గిన్నెలకు కళాయి పోయడానికి తండ్రి వెంట వెళ్ళాడు. అక్కడ ఒక మనిషి ఒక చెక్కపెట్టె ముందు కూర్చుని, కాళ్ళతో తిత్తి తొక్కుతూ చేతులతో మెట్లు నొక్కుతుంటే ఆ పెట్టె పాడుతోంది. నోరు తెరిచి చూశాడు. మూడో రోజున సమాజం బళ్ళు కదిలితే వాటి వెనకాలే నడిచి వెళ్ళిపోయాడు. పాతికేళ్ళు ఆ బళ్ళ వెనకాలే బతికాడు. నీళ్ళు మోశాడు, తెరలు లాగాడు, చివరికి హార్మోనియం ముందు కూర్చున్నాడు. గొంతు విని అది ఎంత దూరం పోతుందో, ఎక్కడ తెగుతుందో చెప్పగల చెవి ఆయనది.

పంతొమ్మిది వందల నలభై ఒకటిలో నరసరావుపేటలో శ్రీమన్నారాయణ అనే ఆసామి నాటక శిక్షణాలయం పెట్టాడు. పొలం పుట్ర బాగా ఉన్నవాడు. ఖద్దరు కడతాడు. ఏ సభలో నిలబడినా కళాసేవ అనే మాట నాలుగుసార్లు అనందే కూర్చోడు. పాత పత్తి గోదాము ఒకటి బాగు చేయించి, చివర చిన్న రంగస్థలం కట్టించాడు. పల్నాటి పేద కుర్రవాళ్ళకు నాటకాన్ని వృత్తివిద్యగా నేర్పి బతుకుతెరువు చూపిస్తామని కాగితాలు అచ్చువేసి ఊరూరా పంచాడు. ఆ కాగితంలో లేని సంగతి ఒకటుంది. చేరిన పిల్లవాడు ఏడేళ్ళు శ్రీమన్నారాయణ సమాజంలోనే ఆడాలి, ఎక్కడ ఏ వేషం వెయ్యమంటే అది వెయ్యాలి. తల్లిదండ్రుల చేత స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నాకే పిల్లవాణ్ణి లోపలికి తీసుకునేవారు.

పద్యం నేర్పడానికి సైదాను పెట్టుకున్నారు. ఆయన ఆ కాగితాల జోలికి పోలేదు. చదవడం అంతంతమాత్రం. పైగా పదిహేనుమంది పిల్లలు తన ఎదుట వరసగా కూర్చుని ఆ అంటూ ఆకారం పట్టడం చూస్తే ఆయనకు వేరే లోకం గుర్తుండేది కాదు. నోటి ముందు దీపం పెట్టి, రాగం తీస్తున్నంతసేపూ వత్తి చలించకూడదనేవాడు. పదం విరిగితే కొట్టేవాడు కాదు, మళ్ళీ అనమనేవాడు. వందసార్లయినా మళ్ళీ అనమనేవాడు. మధ్యాహ్నం పిల్లలు కత్తి తిప్పడం, రాజు నడక, రాణి నడక నేర్చుకునేవారు. ఆడవేషాలూ మగపిల్లలవే గనక చీర కట్టడం కూడా చదువులో భాగమే.

మరుసటి ఏడు రెంటచింతల నుంచి ఆరోగ్యమ్మ అనే ఆమె పదకొండేళ్ళ కొడుకును తీసుకొచ్చింది. నాపరాళ్ళ గనిలో కూలి చేసే మనిషి. మొగుడు లేడు. పిల్లవాడి పేరు జయరాజు. ఫాదరు గారి గుడిలో పూజప్పుడు పాడతాడని, విన్నవాళ్ళు పంపమంటే తెచ్చానని చెప్పింది. సైదా పాడమన్నాడు. పిల్లవాడు కళ్ళు మూసుకుని ఒక కీర్తన ఎత్తుకున్నాడు. అంత పైనుండే ఆరు శ్రుతిలో, ఎక్కడా జీర లేకుండా, వెండి తీగ సాగినట్టు సాగిందా గొంతు. సైదా చేతులు మెట్లమీదే ఆగిపోయాయి.

వెళ్ళేటప్పుడు ఆరోగ్యమ్మ ఒక్క మాటే అంది. "చేతులకు పని నేర్పాలంటే నా కాడ రాళ్ళున్నాయి సాహెబు గారూ. నోటికి పని మీరు నేర్పండి."

అప్పటికి శిక్షణాలయంలో పేరున్న పిల్లవాడు కోటయ్య. పద్నాలుగేళ్ళవాడు, రాణి వేషం వేసేవాడు. వాడు చీర చెంగు సర్దుకుని నాలుగడుగులు వేస్తే ముందు వరసలో ముసలమ్మలు కూడా ఎవరి కోడలో అనుకునేవారు. నలభై మూడు వేసవిలో వాడి గొంతు మారడం మొదలైంది. పైస్థాయిలో ఉన్నట్టుండి రెండుగా చీలేది. సైదాకు మొదటిరోజే తెలిసిపోయింది. మగపిల్లవాడికి మీసం రాబోయే ముందు గొంతులో కొత్త ఎముక కుదురుకుంటుందనీ, అప్పుడు ఏడాదో ఏడాదిన్నరో దాన్ని ముట్టుకోకూడదనీ పాత సమాజంలో ఆయన గురువు చెప్పేవాడు. ఆ మాటే శ్రీమన్నారాయణతో చెప్పాడు, మెల్లగా, చేతులు కట్టుకుని. శ్రీమన్నారాయణ నవ్వాడు. తెనాలిలో, చీరాలలో ఆటలు ఒప్పుకున్నామన్నాడు. మిరియాల కషాయం పోయించమన్నాడు. సైదా భార్య హలీమా అప్పుడు పురిటి మంచంలో ఉంది, వేరే కొలువు లేదు. హార్మోనియం ఆరు శ్రుతిలోనే పెట్టి వాయించాడు.

నాలుగు నెలలు కోటయ్య కషాయం తాగుతూ పాడాడు. చీరాల ఆటలో చివరి పద్యం పాడి తెర వెనక్కి వచ్చి ఉమ్మితే నెత్తురు పడింది. ఆ తరవాత వాడి గొంతులోంచి గరగరమనే గాలి తప్ప ఏదీ రాలేదు. నెలరోజులు చూసి శ్రీమన్నారాయణ వాణ్ణి ఇంటికి పంపేశాడు. ఏడేళ్ళ కాగితం అప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. ఆ కాగితం పిల్లలు పారిపోకుండా కట్టడానికే గాని, వాళ్ళను ఉంచుకోవడానికి కాదు.

మరుసటి ఏడాది ఏదో పనిమీద సత్తెనపల్లి వెళ్ళిన సైదాకు, మిరపకాయల బస్తాలు మోస్తూ కోటయ్య కనిపించాడు. మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. ఆ ఘాటుకు దగ్గు ఆగడం లేదు. సైదాను చూసి గుడ్డ తీసి నవ్వాడు, కాళ్ళకు దణ్ణం పెట్టబోయాడు. సైదా వాడి చేతులు పట్టుకుని, అంత నొప్పి పుడుతుంటే ఎందుకు పాడావురా, ఒక్కనాడైనా నాతో చెప్పకపోయావా అని అడిగాడు. కోటయ్యకు నిజంగానే ఆ ప్రశ్న అర్థం కాలేదు.

"మీరు వాయిస్తా ఉన్నారు గదా మాస్టారూ," అన్నాడు ఆ గాలిగొంతుతో. "మీరు వాయిస్తంటే నేను పాడకుండా ఎట్టా ఉంటా?"

తిరుగు ప్రయాణంలో, యుద్ధకాలపు పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సు దారి పొడుగునా పొగ కక్కుతూనే ఉంది. సైదా కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. పక్కవాళ్ళు పొగ అనుకున్నారు. ఆయనకు శ్రీమన్నారాయణ మీద ఎంత కోపం వచ్చిందో తన చేతులమీద అంత కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి హలీమాతో చెప్పాడు. ఆమె బిడ్డకు పాలిస్తూ వింది. కోటయ్య తల్లికి ఏం జవాబు చెబుతావని అడిగింది. అంతే అడిగింది.

నలభై అయిదు నాటికి జయరాజుకు పద్నాలుగో ఏడు. రాణి వేషం ఇప్పుడు వాడిది. వాడి గొంతు కోసం గుంటూరు నుంచి మనుషులు వచ్చి కూర్చునేవారు. ఆ మాఘమాసంలో ఒక పొద్దున ఆకారం పట్టేటప్పుడు వాడి స్వరం ఒక్క క్షణం జారి, మళ్ళీ నిలబడింది. తక్కిన పిల్లలెవరూ గమనించలేదు. జయరాజు తల ఎత్తి సైదా కళ్ళలోకి చూశాడు. ఇద్దరికీ అర్థమైంది.

ఈసారి సైదా చేతులు కట్టుకోలేదు. నేరుగా శ్రీమన్నారాయణ ఇంటికి వెళ్ళి, పిల్లవాడికి ఏడాదిన్నర విశ్రాంతి కావాలన్నాడు. ఆ లోగా హార్మోనియం నేర్పుతాననీ, కత్తి పని నేర్పుతాననీ, పాట మాత్రం వద్దనీ అన్నాడు. శ్రీమన్నారాయణ వక్క నములుతూ విన్నాడు. వచ్చే నెల వార్షికోత్సవం ఉంది. కొత్త భవనానికి చందాలిచ్చే పెద్దలు వస్తున్నారు. వాళ్ళు వచ్చేది జయరాజు పద్యం వినడానికే.

"ఎద్దును మేపేది నాగలికి కట్టడానికే సాహెబూ. ఏడాదిన్నర కూర్చోబెట్టి మేపితే ఊళ్ళో నవ్వుతారు."

"వాడు ఎద్దు కాదయ్యా. మనం బడి అని బోర్డు కట్టాం. నేర్చుకోను వచ్చాడు వాడు."

"నేర్చుకున్నాడు గదా. ఇంకేంది?" అని శ్రీమన్నారాయణ లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

సైదాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కాని ఇంకా ఆశ చావలేదు. వార్షికోత్సవం నాడు శ్రుతి నాలుగుకు దించి వాయిస్తే గండం గడుస్తుందనుకున్నాడు. జయరాజుతోనూ అదే చెప్పాడు.

ఆ రోజు మూడు గంటల ఎండలో గోదాము నిండిపోయింది. కిరసనాయిలు దొరకని రోజులు, అందుకే పగటిపూటే పెట్టారు. ముందు వరసలో కుర్చీలు, వాటిలో చేతికర్రలు, ఉత్తరీయాలు. శ్రీమన్నారాయణ కళాసేవ గురించి అరగంట మాట్లాడాడు. పేదపిల్లలను తన సొంత బిడ్డల్లా చూసుకుంటున్నానన్నాడు. చప్పట్లు కొట్టారు. తరవాత రాణి వేషంలో జయరాజు వచ్చి నిలబడ్డాడు. సైదా నాలుగు శ్రుతి పట్టాడు. మొదటి పాదం అయిందో లేదో, ముందు వరసలో ఒకాయన ఇదేంది, పిల్లవాడి గొంతు పడుకుందే అన్నాడు. తెర పక్కనుంచి శ్రీమన్నారాయణ వేళ్ళు చూపించాడు. ఆరు. సైదా చూడనట్టు ఊరుకున్నాడు. శ్రీమన్నారాయణ రెండడుగులు ముందుకు వచ్చి, అందరూ చూస్తుండగానే, ఆరు పెట్టు అన్నాడు. జయరాజు సైదా వైపు చూశాడు. ఊపిరి పీల్చుకుని, శ్రుతికి అందుకోవడానికి గడ్డం పైకెత్తాడు. మాస్టారు ఆరు పెడితే వాడు ఆరులోనే పాడతాడు. చచ్చినా పాడతాడు.

సైదా తిత్తిమీంచి కాళ్ళు తీశాడు. హార్మోనియం మూత దించి, కొక్కెం వేసి, లేచి నిలబడ్డాడు.

"వీడికిది గొంతు మారే ఏడు," అన్నాడు సభకేసి తిరిగి. "ఇప్పుడు ఆరులో పాడితే ఇంక జన్మలో పాడడు. ఒక పిల్లగాడి గొంతు నా చేతులతోనే కోశాను. ఇంకోడిది కొయ్యను."

ఎవరైనా ఆ పిల్లగాడెవరు, ఏమైంది అని అడుగుతారని సైదా చూశాడు. అంతమంది చదువుకున్నవాళ్ళు, ప్లీడర్లు, పంతుళ్ళు, బిడ్డలున్నవాళ్ళు. ఒక్కరు అడగలేదు. కాసేపటికి ముందు వరసలో ఒకాయన, పద్యం సగంలో ఆగిపోయిందే, మిగతాది ఎవరు పాడతారు అన్నాడు. ఇంకొకాయన సాహెబుకు పొగరెక్కిందన్నాడు. సైదా తన జీవితంలో ఎన్నో మాటలు పడ్డాడు గాని, ఆ రెండు మాటలూ ఆయనను కాల్చినంతగా ఏదీ కాల్చలేదు. జయరాజు తలమీది సవరం తానే తీసి బల్లమీద పెట్టి, చీరమీదే వాణ్ణి బయటికి నడిపించుకుపోయాడు.

మరునాడే వాణ్ణి రెంటచింతలకు చేర్చాడు. వారం తిరక్కుండా శ్రీమన్నారాయణ గుమాస్తా స్టాంపు కాగితం పట్టుకుని ఆరోగ్యమ్మ గుమ్మంలో దిగాడు. ఇంకా నాలుగేళ్ళు పిల్లవాడు తమవాడేనని, పంపకపోతే కోర్టుకెక్కుతామని బెదిరించాడు. ఆరోగ్యమ్మ గనినుంచి అప్పుడే వచ్చింది. చేతులకు ఇంకా రాతిపొడి ఉంది. గుమాస్తా కాగితం చివర నల్లటి మరక చూపించి, ఇది నీ ముద్రేనా అని అడిగాడు.

"ముద్ర నాదేనయ్యా," అందామె. బొటనవేలు చాపి అతని మొహం ముందు పెట్టింది. "ఏలు నాది. గొంతు నా బిడ్డది. కాయితం మీదున్నది ఏలే గదా. కావాలంటే ఇది కోసుకుపో."

గుమాస్తా నీళ్ళు నములుతూ బస్సెక్కాడు. కోర్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కాని శ్రీమన్నారాయణ వేరే పని చేశాడు. గుంటూరు, తెనాలి, బెజవాడ సమాజాలన్నిటికీ ఉత్తరాలు రాశాడు. ఆట మధ్యలో హార్మోనియం మూసే మనిషి అని రాశాడు. అందులో అబద్ధం ఏమీ లేదు గనక సైదాను ఎవరూ పెట్టుకోలేదు.

పదేళ్ళప్పుడు విడిచిపెట్టిన కళాయి పని నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ పట్టుకున్నాడాయన. రెంటచింతలలోనే ఒక పాక తీసుకుని హలీమానూ బిడ్డనూ తెచ్చుకున్నాడు. అక్కడి ఎండకు కొలిమి వెయ్యకుండానే తగరం కరుగుతుందని హలీమా అనేది. పగలు గిన్నెలు, పొద్దున్నే పాఠాలు. గుడి పక్కనున్న బడి వరండాను, బడి తెరిచేలోగా వాడుకోవడానికి ఫాదరు గారు ఒప్పుకున్నారు. సాహెబు వచ్చి గుడి పక్కన పురాణం పద్యాలు చెప్పడమేందని కొందరు సణిగారు. వాళ్ళ పిల్లలే మూడో వారం వచ్చి చేరారు. హార్మోనియం లేకపోతే మాచర్లలో ఎలకలు కొట్టేసిన పాతపెట్టె ఒకటి తెచ్చి, మేకతోలుతో తిత్తి కుట్టుకున్నాడు. ఎవరిచేతా వేలిముద్ర వేయించుకోలేదు. కోటయ్యకు కబురు పెట్టించి రప్పించాడు. వాడు మిరపకాయల బస్తాలు వదిలేసి వచ్చి పిల్లలకు నడకలు నేర్పాడు. మాట రాకపోయినా వాడు నాలుగడుగులు వేసి చూపిస్తే చాలు, పిల్లలకు అర్థమయ్యేది.

జయరాజు ఏడాదిన్నరపాటు పాడలేదు. గుడిలో కూడా పెదవులు కదపనివ్వలేదు సైదా. హార్మోనియం నేర్చుకున్నాడు. తల్లికి రాళ్ళు మోసిపెట్టాడు. ఊళ్ళోవాళ్ళు వాణ్ణి మూగరాణి అని ఏడిపించేవారు. ఒకనాడు ఆరోగ్యమ్మ కూడా భయపడి, మీరు చెప్పేది నిజమేనా సాహెబు గారూ, చానా రోజులైంది, వాడి గొంతు చచ్చిపోలేదు గదా అని అడిగింది. సైదా ధైర్యం చెప్పాడు. తనకే లేని ధైర్యం.

నలభై ఆరు శ్రావణంలో వాన పడుతున్న ఒక పొద్దున, వరండాలో ఎవరూ రాకముందు, పాడమన్నాడు. జయరాజు కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాక వచ్చిన స్వరం ఆ పాత వెండి తీగ కాదు. మూడు శ్రుతిలో, నిండుగా, బావి లోపలినుంచి చేద పైకి వస్తున్నట్టు బరువుగా వచ్చింది. పద్యం చివర అది పైకి వెళ్ళి, పగలకుండా నిలిచి, నెమ్మదిగా దిగింది. సైదా హార్మోనియం మీద తల ఆనించి ఏడ్చాడు. ఒకపక్క సంతోషం, ఒకపక్క కోటయ్య గొంతు ఎట్లా ఉండేదో అనే బాధ. కోటయ్య అప్పుడే వచ్చి మెట్లమీద తడుస్తూ నిలబడి వింటున్నాడు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. నలభై తొమ్మిదిలో నరసరావుపేటలో శ్రీమన్నారాయణకు సన్మానం తలపెట్టారు. పల్నాటి నాటకరంగానికి ఎందరో నటులను తయారుచేసిన మహనీయుడని కరపత్రం వేశారు. ఆయన శిష్యులంటూ వేసిన పేర్లలో మొదటి పేరు జయరాజుది. సైదా ఆ కాగితం చదివించుకుని, నలిపి కొలిమిలో వేశాడు. పదిమంది పిల్లల గొంతులు తొక్కినవాడికి శాలువా కప్పుతారా, ఈ దేశంలో పాపానికి కూడా పూలదండలేనా అని రోజంతా మండిపడ్డాడు. అంతకన్నా పెద్ద దెబ్బ మూడు రోజుల తరవాత తగిలింది. ఆ సభలో జయరాజు వెళ్ళి పాడి వచ్చాడు.

సైదా వాడితో మాట్లాడటం మానేశాడు. వరండాకు వస్తే మొహం తిప్పుకున్నాడు. నెల గడిచింది. ఒక మధ్యాహ్నం జయరాజు పాకకు వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ళవాడు, మీసాలు వచ్చినవాడు, నేలమీద గొంతుక్కూర్చుని చెప్పాడు. జిల్లాలో ఆటల కంట్రాక్టులన్నీ ఇప్పుడు శ్రీమన్నారాయణ చేతిలోనే ఉన్నాయి. రాజు వేషం ఇస్తానన్నాడు, సభకు వచ్చి పాడితే. ఐదు శ్రుతిలో పాడమన్నాడు. తాను మూడు దాటనన్నాడు. వేషం పోతుందన్నా దాటనన్నాడు. హార్మోనియం వాయించేవాడు ఐదు పడితే, మూడు పట్టేదాకా నోరు తెరవలేదు. సభంతా ఎదురుచూసింది. చివరికి వాళ్ళే దించారు.

"నువ్వు పోవడమే తప్పు," అన్నాడు సైదా.

"పోకపోతే ఎవరి కాడికి పోవాలి మాస్టారూ? నాకు వచ్చిన పని ఇదొకటే. మా అమ్మ చేతులు చూశారు గదా."

అంత గొంతు పెట్టుకుని వీడు మళ్ళీ శ్రీమన్నారాయణ గుమ్మం ముందే నిలబడవలసి వచ్చిందే అన్న కోపంతో సైదా కొలిమి తిత్తి బలంగా లాగాడు. అది ఇక జయరాజు మీది కోపం కాదు.

చివరికి తగరం ముక్క పక్కన పెట్టి, పోస్టుకార్డు తెమ్మన్నాడు. మద్రాసు పత్రికకు రాయాలన్నాడు. తాను చెబుతుంటే జయరాజు రాశాడు. నాటక శిక్షణ పేరుతో పిల్లలచేత గొంతు మారే వయసులో పాడిస్తున్నారు, ఇది అడిగే సర్కారు ఎక్కడైనా ఉందా అని. కోటయ్య పేరు రాయించాడు. ఊరి పేరు, తండ్రి పేరు కూడా రాయించాడు. కింద తన సంతకం గీశాడు. జయరాజు కలం తీసుకుని ఆ పక్కనే తన పేరూ రాశాడు. ఇది అచ్చయితే నీ వేషం పోతుందిరా అని సైదా అంటే, తెలుసు అన్నాడు.

ఆ కార్డు అచ్చు కాలేదు. నెలకొకటి చొప్పున ఆ ఏడాది తొమ్మిది కార్డులు రాశారు. ఒక్కటీ అచ్చు కాలేదు. పదోది రాయడానికి కూర్చున్నప్పుడు, ఈసారి అక్షరాలు ఇంకా పెద్దవిగా రాయమన్నాడు సైదా.